పరదా వల

ఇంట్లో కత్తి లేదు. తెల్లవారి వంటగదిలోకి వచ్చిన కోడలికి అన్నిటికంటే ముందు తెలిసిన సంగతి అది.

కూరగాయలు తరిగే కత్తి లేదు. చేప చీల్చే కత్తి లేదు. మేకుకి వేలాడే కత్తెర లేదు. ఆఖరికి మొగుడు గడ్డం గీసుకునే బ్లేడు కూడా అద్దం పక్కన లేదు. దొంగలు పడ్డారనుకుందామంటే గిన్నెలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మొద్దుబారిన కత్తెర కోసం గోడ దూకే దొంగ ఎవడుంటాడు? ఇది ఇంట్లోవాళ్ల పనేనని ఆమె ఇట్టే పోల్చుకుంది.

ముందు గదిలో మావగారు తన ఇనప్పెట్టె మీద కూర్చుని ఉన్నారు. పక్కనే ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. కిటికీలోంచి సముద్రాన్ని చూస్తున్నారు, గుమ్మంలో కోడలు నిలబడిందని తెలియనంత శ్రద్ధగా.

"మావయ్యా, కూర తరగాలి," అంది ఆమె.

"చేత్తో తుంచు," అన్నారాయన, చూపు తిప్పకుండా.

నిన్న సాయంత్రం భోజనాల దగ్గర ఆమె అన్నది ఒక్క మాటే. ఇంక లాభం లేదు, పంజరం వల కోసేసి చేపల్ని సముద్రంలోకి వదిలేద్దామంది. చావగా మిగిలినవైనా బతుకుతాయంది. ఆ మాటకి మావగారు కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు. మొగుడు నీళ్లు నమిలాడు. అత్తగారు ఉలకలేదు, పలకలేదు. పొద్దున్నకల్లా ఇంట్లో పదునున్నదంతా పెట్టెలోకి చేరింది.

ఆయన్ని ఊరంతా సరంగు అంటుంది. వయసంతా పెద్ద పడవలు నడిపి, చూపు మసకేశాక ఒడ్డెక్కారు. ఒడ్డెక్కినా సరంగు సరంగే. ఆయన లెక్కలో ఇల్లు కూడా ఒక పడవే. పడవలో ఎదురుతిరిగే మాట వినబడితే సరంగు చేసే మొదటి పని ఆయుధాలు దాచెయ్యడం. కోపంతో పాటు కాస్త నవ్వు కూడా వచ్చింది కోడలికి. ఆ నవ్వు పెదాల దాకా రాలేదు.

కిటికీలోంచి చూస్తే రేవు, రేవుకి అవతల నీళ్ల మీద పంజరం కనిపిస్తాయి. నీలం డ్రమ్ముల మీద తేలే చెక్క చట్రం, చట్రానికి నాలుగు వైపులా గోడల్లా వేలాడే వల, ఆ వల గదిలో పండుగప్ప చేపలు. వల వేస్తే చేపకి బదులు జెల్లీచేపలే చేతికొస్తున్న రోజుల్లో, వేట మానుకుని, పెద్ద పడవ అమ్మి కట్టుకున్న పంజరం అది. పట్టుకొచ్చే కంటే పెంచుకోవడం మేలన్నాడు మొగుడు. వేలెడేసి పిల్లల్ని తెచ్చి వదిలారు. ఇప్పుడవి మోచెయ్యంత అయ్యాయి. అవి చేతికొస్తే ఇల్లు నిలుస్తుంది, లేకపోతే లేదు. మధ్యే మార్గం అంటూ ఏమీ మిగల్లేదు ఆ ఇంటికి.

జెల్లీచేపల్ని ఆ ఊళ్లో ముద్దలంటారు. ఎప్పుడూ ఉండేవే. ఎండాకాలం నాలుగు కొట్టుకొస్తే పిల్లలు కర్రతో పొడిచి ఆడుకునేవారు. ఈసారి అలా రాలేదు. గట్టు మీంచి చూస్తే నీళ్లు కనిపించడం లేదు. సముద్రం గంజి వార్చినట్టు తెల్లగా, చిక్కగా, చప్పుడు లేకుండా కదులుతోంది.

పరదా వల కోడలి తెలివే. వలలు అల్లే ఇంట్లో పుట్టింది, చూపు కంటే వేళ్లు ముందు నడుస్తాయి. ముద్దలు పంజరం వైపు వస్తున్నాయనగానే సన్నకన్ను వల తెప్పించి, తిండీ నిద్రా మానుకుని కూర్చుని, పంజరం చుట్టూ బయట ఇంకో వరస కుట్టేసింది. చేప బయటికి పోదు, ముద్ద లోపలికి రాదు. వీధిలో ఆడవాళ్లు గట్టు మీదకొచ్చి మరీ చూసి వెళ్లారు. ఎవర్నీ మెచ్చుకోని మావగారు కూడా, బుర్రున్న పిల్లే, అన్నారు.

ముద్దలు నిజంగానే లోపలికి రాలేదు. పరదాకి అంటుకున్నాయి. ఒకదాని మీద ఒకటి, వలకన్నులన్నీ పూడుకుపోయేలా అంటుకున్నాయి. లోపల నీళ్లు కదలడం మానేశాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరవడం మొదలెట్టాయి. అప్పుడు మావగారూ మొగుడూ చట్రం మీద నిలబడి తెడ్లతో పరదాని బాదారు. వలకి ఏది పట్టినా బాది దులపడమే సరంగుకి తెలిసిన వైద్యం. తెడ్డు విరిగేదాకా బాదారు. ముద్దలు చితికి ముక్కలయ్యాయి. ముద్ద చచ్చినా దాని కింద వేలాడే తోకల్లో విషం చావదు. దారప్పోగుల్లాంటి ఆ ముక్కలు పరదా కన్నుల్లోంచి లోపలికి జారి, చేపల మొప్పల్లో చిక్కుకున్నాయి. మర్నాటికి చాలా చేపలు వెల్లకిలా తేలాయి.

కుట్టిన చెయ్యి ఆమెది, బాదిన చెయ్యి ఆయనది. ఎవరి తప్పు ఎంతని ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది కోడలికి. తిట్టినా పడి ఉండేది. ఈ మర్యాద భరించలేకపోయింది.

*

ఆడపడుచు పొద్దున బస్సు దిగింది. పట్నంలో చేపల పరిశోధనశాలలో ఉద్యోగం. ఇంట్లో అందరూ ఆఫీసరు అంటారు, కొంత మురిపెంగా, కొంత ఎకసెక్కంగా. చెప్పులైనా విప్పకుండా వంటగదిలోకి వచ్చి, అన్న తెచ్చి పడేసిన చచ్చిన చేపని గట్టు మీదకి లాక్కుంది.

"కత్తివ్వు వదినా."

"లేదు."

"లేకపోవడమేంటి?"

కోడలు ముందు గది వైపు చూసింది. ఆఫీసరు అక్కడిదాకా వెళ్లి, పెట్టె మీద తండ్రిని చూసి, ఏమీ అడక్కుండా తిరిగొచ్చింది. ఆ ఇంట్లో పుట్టిన పిల్లకి అంతకంటే చెప్పనక్కర్లేదు. చేప మొప్ప మూతని వేళ్లతోనే పైకెత్తింది.

లోపల ఎర్రగా, తడిగా, దువ్వెన పళ్లలా వరసగా ఉండాల్సిన మొప్ప గోధుమరంగులో జిగురుజిగురుగా ఉంది. మధ్యమధ్య ఊడిపోయింది. వేడినీళ్లు పోసినట్టు కమిలిపోయింది. ఆఫీసరు చాలాసేపు చూసింది. కోడలికి ఆ చేప మొహం చూడబుద్ధి కాలేదు. అది పిల్లగా ఉన్నప్పుడు దాని నోట్లో పడేలా మేతని రెండు వేళ్లతో నలిపి వేసింది ఆమే.

"ఊపిరి తీసుకోడానికి ఏం మిగల్లేదు దీనికి," అంది ఆఫీసరు. "బతికున్నవాటికి కూడా సగం ఇలాగే ఉండి ఉంటుంది. లోపల ఉంచితే మిగతా సగమూ పోతుంది."

ఆ మాట ముందు గదిలో చెప్పమంది కోడలు. తను చెబితే కోడలి మాట అవుతుంది. కూతురు చెబితే కనీసం చదువుకున్నవాళ్ల మాట అవుతుంది.

ఆఫీసరు వెళ్లి చెప్పింది. మావగారు విన్నారు. వినడం అంటే మొహం అటే పెట్టుకుని, ఆమె ఆపేదాకా ఆగడం. మొగుడు గోడకి ఆనుకుని కింద కూర్చుని ఉన్నాడు. ముద్దల మీద ముద్దలు తీసి తీసి అతని చేతులు మోచేతుల దాకా వాచిపోయాయి. అత్తగారు గిన్నెలో వేడినీళ్లు పెట్టుకుని గుడ్డ ముంచి ఆ చేతులకి కాపడం పెడుతోంది. నిన్నటినుంచీ ఆవిడ నోటి వెంట ఒక్క పలుకు లేదు.

"గాలి మళ్లుతుంది," అన్నారు మావగారు చివరికి. "భూమి గాలి. అది తిరిగిందంటే ముద్దలన్నీ ఊడ్చుకుని బయటికి పోతుంది. ఇవాళో రేపో తిరుగుతుంది. నా మోకాళ్లు చెబుతున్నాయి."

"నీ మోకాళ్లు చెప్పినట్టు సముద్రం నడిచే రోజులు పోయాయి నాన్నా."

"మరి నీ ఆఫీసు చెప్పినట్టు నడుస్తోందా?"

లేదంది ఆఫీసరు. ఆమె అబద్ధం ఆడే పిల్ల కాదు. గాలి ఇవాళే తిరగొచ్చు, వారానికీ తిరక్కపోవచ్చు, ఎవరూ చెప్పలేరంది. అయినా ఇది గాలి తెచ్చిన గొడవ కాదంది. చేపా ముద్దా తినేది ఒకే మేత, నీళ్లలో కంటికి కనబడని నలుసులు. చేపలుండగా ఆ మేతలో ముద్దకి వాటా తక్కువే దొరికేది. చేపల్ని ఎత్తేశాక అంతా దానిదే అయింది. పైగా అది చేపగుడ్లు తింటుంది, కళ్లు తెరవని పిల్లల్ని తింటుంది. కాలవలన్నీ మురుగు తెచ్చి కలిపి, నీళ్లు వెచ్చబడి, చేపకి బతకడం కష్టమైన చోటే దానికి హాయి. రేవు స్తంభాల అడుగున, పంజరం డ్రమ్ముల అడుగున గోరంత కూడా లేని పిల్లముద్దలు వేలాడుతుంటాయంది. దానికి ఇల్లు కట్టిపెట్టింది కూడా మనమేనంది.

"ఎత్తేశాం అంటున్నావే," అన్నారు మావగారు. ఇప్పుడు మొహం ఇటు తిప్పారు. "ఎవరు ఎత్తేశారు? పేరు చెప్పు."

ఆఫీసరు మొప్ప జిగురు అంటిన తన వేళ్ల వైపు చూసుకుంది.

"పిల్లలతో సహా వచ్చేలా సన్నకన్ను వల లాగిన పడవలకి సరంగు ఎవరు? చెప్పమ్మా. ఆఫీసులో రాసుకునే ఉంటారుగా."

"ఆ చేపలతోనే నువ్వు నన్ను చదివించావు," అంది ఆఫీసరు. "నేనేం వేరే ఒడ్డున నిలబడి మాట్లాడుతున్నానా నాన్నా?"

అత్తగారు గిన్నెలో గుడ్డ పిండింది. మొగుడు ఒక్కసారి తలెత్తి తండ్రిని చూసి, మళ్లీ దించుకున్నాడు. కోడలు అతన్నే చూస్తోంది. పంజరం అతని ఆలోచన, అతని పేరు మీదే ఉంది. వదిలేద్దాం అనే మాట అతని నోట్లోంచి వస్తే ముసలాయన ఆపలేడు. అతనికి ఆ సంగతి తెలుసు. అందుకే తల ఎత్తడం లేదు.

"మీరేమంటారు?" అని అడిగేసింది ఆమె, అందరి ముందూ.

"నాన్న ఇంకో రోజు చూద్దామంటున్నారుగా," అన్నాడతను గోడతో.

*

మధ్యాహ్నం ఎవరూ సరిగా తినలేదు. చేత్తో తుంచిన కూర కంచాల్లోనే ఆరిపోయింది. కోడలు గిన్నెలు తోముతుంటే అత్తగారు వెనకాల వచ్చి నిలబడింది. కొంగు ముడి విప్పి, చిన్న ఇత్తడి తాళంచెవి తీసి, సబ్బు పెట్టె పక్కన పెట్టింది.

కోడలు తెల్లబోయింది. అత్తగారు ఆ ఇంటికి కాపురానికొచ్చినప్పటినుంచీ ఆయన మాటకి ఎదురు పెట్టగా ఎవరూ చూడలేదు.

"భోంచేసి పడుకున్నారు," అంది అత్తగారు. నిన్నటినుంచీ ఇదే మొదటి మాట కదా, గొంతు బొంగురుగా వచ్చింది. "పెట్టె మీదే పడుకున్నారు. ఓ పక్కకి జరిపితే తీయొచ్చు. నేను చూళ్లేదు, నాకేం తెలీదు."

"అత్తయ్యా, మీరూ వదిలేద్దామనే అంటారా?"

"నేనేం అనను. అవి నోళ్లు తెరుచుకుని పైకి చూస్తుంటే నాకు అన్నం దిగట్లేదు. అంతే."

కోడలు తాళంచెవిని చేతిలోకి తీసుకుంది. తడిచేత్తోనే దాన్ని మళ్లీ ఆవిడ కొంగులో పెట్టి ముడేసింది. ఆ ముసలాయన్ని నిద్రలో పక్కకి జరిపి కత్తి తియ్యడం ఆమెకి చేతకాదు. పైగా అక్కర్లేదు. ఆ సంగతి ఆమెకి నిన్నటినుంచీ తెలుసు. ఇంట్లో ఇంకొక్కరైనా తన వైపు వచ్చేదాకా ఆగాలని మాత్రమే ఆగింది.

"కత్తి వద్దత్తయ్యా. కుట్టింది నేనేగా, విప్పడమూ నాకు వచ్చు."

సిమెంటు బస్తా మూతి కుట్టు చూసినవాళ్లకి తెలుస్తుంది. సరైన కొస పట్టుకుని లాగితే కుట్టంతా సర్రున విడిపోతుంది, తప్పు కొస లాగితే ఎంతకీ ఊడదు. పరదానీ, లోపలి వలనీ కలిపి ఆమె అలాంటి కుట్టే వేసింది. సముద్రం వైపు గోడని చట్రానికి పట్టి ఉంచేది ఆ ఒక్క తాడే. పరదా పని అయిపోయాక తేలిగ్గా దింపుకోవచ్చని అలా వేసింది. కొస ఏ మూల దాచిందో ఆమె వేళ్లకి మాత్రమే తెలుసు. సరంగులు తడిసి బిగిసిన కుట్టుని కోస్తారు గానీ ఎవరూ విప్పరు. అందుకే మావగారు కత్తులు దాచి నిశ్చింతగా పడుకున్నారు.

పంజరంలో చచ్చినవి ఏరడానికి మొగుడు, పంజరం పనికని ఉంచుకున్న మోటారు పడవ తీస్తుంటే కోడలూ ఆఫీసరూ ఎక్కి కూర్చున్నారు. ఎందుకని అతను అడగలేదు. ఇద్దరి మొహాలూ చూశాక అడగాల్సిన పని కూడా లేదు. మోటారు తాడు లాగి, నీళ్ల వైపు తిరిగి కూర్చున్నాడు. తెలిసీ తెలియనట్టు ఊరుకోవడం కూడా ఒక రకం ఒప్పుకోలే. ఆ మాత్రం ధైర్యమైనా చేశాడని ఆమెకి అతని మీద జాలేసింది.

సగం దూరం వెళ్లేసరికి ముద్దల్లో పడ్డారు. పడవ అడుగున మెత్తమెత్తగా రాసుకుంటున్న చప్పుడు. పంజరం ఇంకా కాస్త దూరం ఉందనగా మోటారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నీళ్లు పీల్చే గొట్టం నిండా ముద్ద చేరింది. తెడ్డు లేదు, మొన్న బాదుడులో విరిగింది. పడవ దాని ఊపుమీద అది జారుతుంటే గెడకర్ర చాచి చట్రం అందుకున్నారు.

*

చట్రం చెక్కల మీద నిలబడి చూస్తే నీళ్లలో తెలుపు తప్ప ఏమీ లేదు. పరదా ఒక మందమైన గోడయిపోయింది. లోపల పండుగప్పలు ఒకే దిక్కుగా గుండ్రంగా తిరుగుతున్నాయి. ఎప్పుడూ అలాగే తిరిగేవి. కానీ ఇప్పుడు నెమ్మదిగా, పక్కకి ఒరుగుతూ తిరుగుతున్నాయి. ఒకటి తిరుగుతూ తిరుగుతూనే వెల్లకిలా అయింది. మిగతావి దాన్ని తప్పుకుని పోయాయి.

"బయట మాత్రం ఏముంది?" అన్నాడు మొగుడు ఉన్నట్టుండి. "తినడానికి లేదు, ఉండడానికి లేదు. వదిలితే మాత్రం ఎక్కడికి పోతాయి?"

"కొండమూల దాటితే నీళ్లు తేటగానే ఉన్నాయని పొద్దున మీరే అన్నారు," అంది ఆమె. "అక్కడిదాకా పోగలిగినవి పోతాయి."

ఆమె మోకాళ్ల మీద కూర్చుంది. చెయ్యి నీళ్లలో పెట్టగానే నిప్పు తగిలినట్టు మంట పుట్టింది. తియ్యలేదు. మూలకి తడుముకుంటూ వెళ్లి కొస పట్టుకుంది. బిగిసిపోయింది. గోటితో వదులు చేసి, పళ్లతో పట్టి, మళ్లీ చేత్తో అందుకుని లాగింది. మొదటి కుట్టు ఊడింది. రెండోది ఊడింది. ఆ తరవాత కుట్టు దానంతట అదే తాడు వెంట పరుగెత్తింది. ఎన్నెన్ని వేళ్ల నొప్పులతో వేసిన కుట్టో, ఊడిపోడానికి ఎంతోసేపు పట్టలేదు.

సముద్రం వైపు గోడ సీసపు బరువులతో మెల్లగా కిందికి దిగిపోయింది. నీళ్లలో పెద్ద తలుపు తెరుచుకుంది.

చేపలు కదల్లేదు.

తిరగడం మానలేదు గానీ బయటికి పోలేదు. నిన్నటిదాకా వల ఉన్న చోటుకి రాగానే, ఇంకా అక్కడ వల ఉన్నట్టే మొహం తిప్పుకుని, ఆ గుండ్రంలోనే మళ్లీ వెనక్కి వస్తున్నాయి. కోడలు చూస్తూ ఉండిపోయింది. ఇంకోసారి తిరిగొచ్చాయి. అక్కడే ఆగాయి. అక్కడే మళ్లాయి. తెరిచిన వైపునుంచి ఇప్పుడు ముద్దలే ఒకటొకటిగా లోపలికి వస్తున్నాయి.

"పొండి," అంది ఆమె. చెయ్యి చాచి నీళ్ల మీద కొట్టింది. "పొండర్రా, పోయి చావండి ఎక్కడైనా." అనేసి, తనన్న మాట తనకే తగిలి ఏడ్చేసింది.

ఆఫీసరు వచ్చి భుజం పట్టుకుంది. వేలెడంతప్పటినుంచీ అవి చూసిన మేర అంతే వదినా, ఆపైన ఒకటుందని వాటికి తెలీదు, అంది. ఇది జరుగుతుందని తనకి ముందే తోచలేదంది. పుస్తకంలో లేదో, ఉన్నా తను చదవలేదో.

తెడ్ల చప్పుడు వినబడి ముగ్గురూ తిరిగారు. పక్కింటివాళ్ల చిన్న పడవ వేసుకుని మావగారు వస్తున్నారు. ఎదురుగా అత్తగారు కూర్చుని ఉంది. ముద్దల్ని తెడ్డుతో పక్కకి తోసుకుంటూ, తొందరేమీ లేనట్టు వచ్చి చట్రానికి ఆనించారు. మునిగిన గోడని చూశారు. కోడలి ఒళ్లో కుప్పగా పడి ఉన్న తాడుని చూశారు. వాచి ఎర్రబడిన ఆమె చేతుల్ని చూశారు.

"కత్తులు దాచాను గానీ నీ చేతుల సంగతి మర్చిపోయాను," అన్నారు.

ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఆమె తట్టుకోగలిగేది. క్షమించమని అడగబోయింది. ఆయన అప్పటికే చేపల్ని చూస్తున్నారు. మసక కళ్లకి ఎంత కనిపించిందో గానీ చాలాసేపు చూశారు. అవి ఎక్కడ ఆగి ఎక్కడ మళ్లుతున్నాయో ఆయనకి అర్థమైంది.

"నువ్వు దిగు," అన్నారు అత్తగారితో. "ఆ మేత డబ్బా ఇలా అందుకో."

రోజూ పొద్దునా సాయంత్రం చట్రం మీద నిలబడి, రేకు డబ్బా అడుగున తెడ్డు పిడితో కొడితే చేపలన్నీ పైకొచ్చేవి. ఆ పని మావగారిదే, ఇంకెవర్నీ ముట్టనిచ్చేవారు కాదు. ముసలాయనకి మనవలు లేని లోటు చేపలు తీరుస్తున్నాయని వీధిలో వేళాకోళం ఆడేవారు.

"నాన్నా, నేనొస్తా ఉండు," అన్నాడు కొడుకు.

"నీ చప్పుడుకి అవి రావు."

అత్తగారు చట్రం మీదకి దిగి, డబ్బా అందించింది. ఆయన పంజరం చుట్టూ తిరిగి, తెరిచిన వైపుకి వెళ్లి, కాస్త దూరంలో ఆగి డబ్బా మీద కొట్టారు. గుప్పెడు మేత చల్లారు. మళ్లీ కొట్టారు.

గుండ్రంలోంచి ఒక చేప విడిపడింది. వల ఉన్న చోట ఆగింది. ఆ చప్పుడే మళ్లీ వినబడేసరికి ముందుకి పోయింది. దాని వెనక ఇంకొకటి. తరవాత ఓ గుంపు. అన్నీ వెళ్లలేదు. సగానికి పైగా అక్కడే తిరుగుతూ ఉండిపోయాయి. వెళ్లినవాటిలోనూ కొన్ని తెల్లటి ముద్దల మధ్య చిక్కి ఒరిగిపోవడం కనబడుతూనే ఉంది. అయినా నాలుగు నల్లటి వీపులు ఆ పడవ వెనకే పోతున్నాయి. మావగారు తెడ్డేస్తారు, ఆగుతారు, కొడతారు. తేటనీళ్లు వచ్చేదాకా కొడుతూనే ఉంటాను, అని కేకేసి చెప్పారు. కొండమూల వైపు సాగిపోయారు.

ఆ మనిషిని ఇన్నాళ్లూ మొండివాడని, చాదస్తుడని తిట్టుకున్నందుకు ఆమెకి సిగ్గేసింది.

అప్పుడు మెడ వెనక చల్లగా తగిలింది.

ఆఫీసరు మెల్లగా ఒడ్డు వైపు తిరిగింది. గట్టు మీద ఎవరిదో ఆరేసిన చీర సముద్రం వైపు లేచి కొట్టుకుంటోంది. రేవులో కట్టిన పడవలన్నీ ఒక్కసారిగా మొహాలు తిప్పాయి. భూమి గాలి.

ముసలాయన చెప్పిన గాలే. ఇవాళో రేపో అన్నారు, ఇవాళే వచ్చింది. పంజరం చుట్టూ తెలుపు కదిలింది, పగిలింది, మధ్యలో నల్లగా నీళ్లు కనిపించాయి. ముద్దలు బారులు తీరి బయటికి పోతున్నాయి. ఇంకొంచెంసేపు ఆగి ఉంటే చాలేది. కోడలు ఒళ్లోని తాడుని చూసుకుంది. దాన్ని ఏం చెయ్యాలో తెలియక గట్టిగా పట్టుకుంది.

"నాన్న," అన్నాడు మొగుడు.

అందరూ అటు చూశారు. చిన్న పడవ కొండమూల దగ్గర లేదు. అక్కడినుంచి బయటికి, పెద్ద నీళ్లలోకి పోతోంది. ముద్దలన్నిటితో కలిపి గాలి దాన్నీ ఊడ్చుకుపోతోంది. ఆయన తెడ్డు వేస్తున్నట్టు కనిపించలేదు. ఒక చేత్తో డబ్బా పట్టుకుని రెండో చేత్తో కొడుతున్నారు.

మొగుడు పడవలోకి దూకి మోటారు తాడు లాగాడు. మళ్లీ లాగాడు. ఆఫీసరు వెనక్కి వంగి గొట్టంలోంచి ముద్దని గుప్పెళ్లతో పీకుతోంది. మోటారు దగ్గుతోంది, ఆగుతోంది. గెడకర్రకి అడుగు అందని లోతు అది. కోడలు ఒడ్డు వైపు తిరిగి చేతులెత్తి అరిచింది. ఎదురుగాలికి ఆ అరుపు తిరిగొచ్చి ఆమె మొహానికే తగిలింది.

డబ్బా చప్పుడు గాలికి పల్చబడుతూ వినిపిస్తూనే ఉంది. అత్తగారు చట్రం అంచున నిలబడి, కళ్లు మూసుకుని ఆ చప్పుడునే వింటోంది. అది వినబడుతున్నంతసేపూ ఆవిడ మొహం స్థిమితంగానే ఉంది.

తరవాత అది ఆగిపోయింది.

అత్తగారు కళ్లు తెరిచింది. కొడుకుని చూసింది, కూతుర్ని చూసింది, తాడు పట్టుకుని నిలబడ్డ కోడలి మీద చూపు ఆపింది.

"తేటనీళ్లు వచ్చాయనే ఆపారా?" అని అడిగింది.